తెప్ప కడుపులో నీళ్ళు

మొన్న కాశీబుగ్గ బజార్లో తువ్వాళ్ళు కొనబోయి నవ్వులపాలయ్యాను. కొట్టు కుర్రాడు రకరకాల తువ్వాళ్ళు పరిచి, "మెత్తగా ఉంటాదండి, రంగు దిగదండి" అని చెప్పుకుపోతున్నాడు. నేను ఒకదాని అంచు రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, "అబ్బే, ఇది తాగదు" అన్నాను. కుర్రాడు నా ముఖంలోకి తెల్లబోయి చూశాడు. పక్కనున్న ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. అప్పటికిగానీ నాకు తెలివి రాలేదు. ఆ మాట నాది కాదు, మా మావది. పోయి ఇన్నేళ్ళయినా నా నోట్లో దూరి మాట్లాడుతున్నాడు, ఎంత మొండి మనిషో చూడండి!

మావ అంటే మా అమ్మకు తమ్ముడు. నాకు మేనమామ, ఆ తరవాత మామగారు. ఆయన కొడుకునే చేసుకున్నాను కాబట్టి అత్తింటికి వెళ్ళినా నాకు వీధి మారిందే తప్ప మనుషులు మారలేదు. అత్త నా పెళ్ళికి ముందే పోయింది. ఇంట్లో ఉండేది మావ, మా బావ, నేను. ఒడ్డున ఇసుకలో మా ఫైబరు తెప్ప. మావ దాని గురించి మాట్లాడినంతగా కన్నకొడుకు గురించి ఏనాడూ మాట్లాడలేదు.

ఆయన సగం జీవితం కర్ర తెప్ప మీద గడిచింది. దూలాలు పక్కపక్కన పేర్చి తాళ్ళతో కట్టేదే కర్ర తెప్ప. దానికి లోపల అంటూ ఏమీ ఉండదు. కెరటం పైనుంచి వచ్చి దూలాల సందుల్లోంచి కిందికి పోతుంది. మనిషి తడుస్తాడు గాని తెప్ప మునగదు. ఒడ్డుకు వచ్చాక తాళ్ళు విప్పి దూలాలు విడివిడిగా ఎండలో ఆరేసేవారు. తొంభైల చివర్లో మా ఉద్దానం తీరమంతా ఫైబరు తెప్పలు దిగాయి. మావా, పక్కింటాయనా కలిసి ఒకటి తెచ్చారు. ఇంజను పెట్టిన తెప్ప. పైన మనుషులు నిలబడే తట్టు, దాని కింద అరలు, అరలకు మూతలు. పైకి చూస్తే అంతా నున్నగా, బిగువుగా ఉంటుంది. మూత తీస్తే మాత్రం అడుగున ఎప్పుడూ నీళ్ళే.

"దీనికి కడుపున్నాదిరా" అన్నాడట మావ దాన్ని చూసిన మొదటి రోజునే. "మన కర్ర తెప్పకి కడుపు నేదు, రోగం నేదు. దీనికి కడుపెట్టీసినారు. ఇంక సూడు, అన్నీ రోగాలే."

అన్నాడు, ఆ రోగాలకు వైద్యం చెయ్యడమే పనిగా పెట్టుకున్నాడు. మా ప్రాణాలు తీశాడు.

తెప్ప ఒడ్డుకు వచ్చే వేళకు బుట్టలు పట్టుకుని ఆడవాళ్ళం నిలబడి ఉంటాం. ఎండెక్కిపోతుంటుంది. చేపల వ్యాపారి ఐసు పెట్టెల బండి పక్కన నిలబడి "తొందరగా తెండమ్మా" అని అరుస్తుంటాడు. మావకు ఇవేవీ పట్టవు. తెప్ప ఇసుక మీదకు ఎక్కగానే వంగి, చెవి దాని పొట్టకు ఆనించి, మడిచిన వేళ్ళతో టకటకా కొట్టేవాడు. ముందు ఒకచోట, తరవాత మధ్యలో, తరవాత వెనక, మళ్ళీ ముందు. ఎవరైనా దగ్గితే ఉరిమి చూసేవాడు. చివరికి తల ఎత్తి "ఉన్నాది" అనేవాడు. ఏనాడైనా "నేదు" అంటాడేమోనని చాలాకాలం ఎదురుచూశాను. అంటేనా!

"ఉంటే ఉన్నాది మావా, ముందు సేపలు దించనీ. కుళ్ళిపోతన్నాయి" అనేదాన్ని.

"సేపలు రేపూ దొరుకుతాయి. తెప్ప దొరుకుతాదేటి?"

అదీ జవాబు. చేపల ధర కళ్ళముందే పడిపోతుంటే, మూతలన్నీ తీయించి, లోపల తలదూర్చి, ఒక్కో మూలా తడిమి చూసేవాడు.

అరల్లో నీళ్ళు చెంబుతో తోడితే కొంతే వస్తాయి. మూలల్లో, అడ్డపట్టీల సందుల్లో ఇరుక్కున్నవి గుడ్డతోనే తీయాలి. ఆ గుడ్డ నూలుదై ఉండాలి. పాలిస్టరు గుడ్డ నీళ్ళని అటూ ఇటూ తోస్తుంది తప్ప తాగదు. అంచేత మా ఇంట్లో నూలు గుడ్డ అన్నది బతికి బట్టకట్టలేదు. దుప్పట్లు పోయాయి, లుంగీలు పోయాయి, దిండు గలీబులు పోయాయి. దండెం మీద ఆరేసిన నా చీర దగ్గర నిలబడి ఒకరోజు అంచు నలుపుతున్నాడు.

"ఓలమ్మీ, ఇది నువ్వు కట్టడం నేదు గదా?"

"నిన్ననే కట్టాను మావా."

"నిన్న గదా. ఇయ్యాల కట్టనేదు గదా."

నేను పొయ్యి దగ్గరకు వెళ్ళి వచ్చేసరికి దండెం ఖాళీ. ఇచ్ఛాపురంలో ఇచ్చిన మా ఆడపడుచు మామగారు ఒకసారి చుట్టపుచూపుగా వచ్చారు. సగం తెలుగు, సగం ఒడియా మాట్లాడే పెద్దమనిషి, భుజాన పెళపెళలాడే గంజి తువ్వాలు. మావ కుశలప్రశ్నలు వేస్తూనే దాని అంచు పట్టుకుని నలిపాడు. "గంజి పోతే బాగా తాగుతాది బావా" అన్నాడు. ఆయన అదేదో మెచ్చుకోలు అనుకుని తెగ సంతోషించాడు. ఊరికి బయల్దేరేటప్పుడు ఎంత వెతికినా తువ్వాలు కనపడలేదు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఈ గుడ్డలన్నీ ఉతకవలసింది ఎవరు? నేనే. డీజిలు, గ్రీజు, చేపల జిగురు, అన్నీ కలిసిన కంపు. బోరింగు దగ్గర నేను గుడ్డల మూట దించగానే మిగిలిన ఆడవాళ్ళు బిందెలు ఎత్తుకుని పోయేవారు. సబ్బులరిగాయి, నా చేతులు పగిలాయి, ఆ కంపు మాత్రం పోలేదు.

నా ముగ్గు డబ్బాను కూడా బతకనివ్వలేదు. అరలు బాగా ఆరాక లోపల ముగ్గుపిండి పల్చగా చల్లేవాడు. వేట నుంచి రాగానే మూత తీసి, పిండి ఎక్కడ ముద్ద కట్టిందో చూసేవాడు. ముద్ద కట్టిన చోటికి నీళ్ళు ఎటునుంచి వచ్చాయో వేలితో వెనక్కి గీసుకుంటూ పోతే, ఇంజను బిగించిన బోల్టు దగ్గరో, మూత అంచు దగ్గరో తేలేది. అక్కడ దూదికి తారులాంటి కీలు పట్టించి కూరేవాడు. నాలుగు రోజులు బాగుండేది. అయిదో రోజు ఇంకోచోట ముద్ద. అయినా విసుగు లేదు మనిషికి. ఆ విసుగంతా నాకే వచ్చేది. వాకిట్లో ముగ్గు లేక మా ఇల్లు బోసిగా ఉండేది, తెప్ప కడుపులో మాత్రం రోజూ ముగ్గే.

ఇంత ఒడుపు తెలిసిన మనిషి ఆ పని ఎందుకు చేశాడో నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఒకనాడు బరమా తెచ్చి, ముందు అర అడుగున, తన చేత్తో, తెప్పకు బెజ్జం పెట్టాడు. నీళ్ళు రాకూడదని ఊరందరి చేతా తిట్లు తింటున్నవాడు!

ఆయన లెక్క ఆయనది. ఎంత పూడ్చినా నీళ్ళు వస్తూనే ఉన్నాయి. వచ్చిన నీళ్ళు పోయే దారి లేకనే కదా ఈ తుడుపులన్నీ? కర్ర తెప్పలో నీళ్ళు వచ్చిన దారినే పోయేవి. దీనికీ ఒక దారి పెడితే సరి. ఒడ్డుకు రాగానే బిరడా తీస్తే నీళ్ళన్నీ ఇసుకలోకి కారిపోతాయి, లోపల గాలి ఆడి ఆరుతుంది. వేటకు వెళ్ళేటప్పుడు మళ్ళీ బిరడా కొడితే చాలు. ఆ బిరడా కూడా ఎక్కడిదో కాదు, విప్పేసిన పాత తెప్ప దూలం ముక్క చెక్కి చేశాడు. "కర్ర నీటిలో ఉబ్బి బిగిసిపోతాది. మన తెప్ప ముక్క, మనల్ని ముంచీదేటి?" అన్నాడు. తెప్ప అమ్మినవాళ్ళు ఎక్కడా బెజ్జం పెట్టవద్దని మరీమరీ చెప్పారు. పక్కింటాయన కూడా వద్దన్నాడు. వింటేనా!

నిజానికి కొన్నాళ్ళు బాగానే నడిచింది. నా గుడ్డల మూట సగమైంది. ఆ సంతోషంలో నేనూ నోరు మూసుకున్నాను. మూసుకున్నానే గాని, మా బావ కాళ్ళకింద బెజ్జం ఉందన్న సంగతి తలుచుకుంటే అన్నం సయించేది కాదు.

వేసవిలో వేట ఆపేస్తారు. తెప్పలన్నీ ఒడ్డున ఎండుతాయి. మా తెప్పతో పాటు ఆ బిరడా కూడా చూరులో ఎండింది. వేట మొదలైన రోజు పొద్దున అందరితో పాటు మా వాళ్ళూ వెళ్ళారు. మావ, బావ, పక్కింటాయన. పొద్దెక్కకముందే మా తెప్ప ఒక్కటే వెనక్కి వస్తోంది. ముక్కు దించుకుని, బరువుగా, నీటిని తోసుకుంటూ వస్తోంది. పక్కింటాయన చెంబుతో తోడిపోస్తున్నాడు. మావ ఇంజను దగ్గర కూర్చున్నాడు. మా బావ ముందు అర మూత దగ్గర బోర్లా పడుకుని ఉన్నాడు. ఒక చెయ్యి భుజం దాకా లోపలే ఉంది. మనిషి కదలడం లేదు. చీర తడుస్తున్నా చూడకుండా నీళ్ళలోకి పరిగెత్తాను.

ఎండి సన్నబడ్డ బిరడా నడిసముద్రంలో ఊడిపోయిందట. ఎక్కడ పడిందో దొరకలేదు. బావ గుడ్డ కుక్కి, అది లోపలికి రాకుండా అరచేత్తో నొక్కిపట్టి అలాగే ఒడ్డుదాకా వచ్చాడు. చెయ్యి బయటికి తీస్తే తెల్లగా నాని, ముడతలు పడి, వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి. ఆ పూట ముద్ద పట్టుకోలేకపోయాడు. నేనే కలిపి నోట్లో పెట్టాను. ఎదురుగా కూర్చుని మావ తన అన్నం తాను తింటున్నాడు.

"బిరడా ఎండిపోనాది. ముందురోజు నీటిలో నానెట్టి ఉండాల" అన్నాడు, కూరలో ఉప్పు తగ్గిందన్నట్టు.

"బిరడా మాట కాదు మావా. బెజ్జం మాట సెప్పు."

"బెజ్జం ఏటి సేసింది?"

ఒళ్ళు మండిపోయింది నాకు. బావ నావైపు చూసి వద్దని తల ఊపాడు. తరవాత పెరట్లో, "నానకి సెప్పీవాడు పుట్టనేదే. ఊరుకో" అన్నాడు. మర్నాడే మావ కొత్త బిరడా చెక్కి, నా రాగి చెంబులో నానబెట్టాడు. మంచినీళ్ళ చెంబులో!

ఆ మర్నాడు పొద్దున్నే నేను ఒడ్డుకు వెళ్ళాను. మగవాళ్ళు తెప్పను నీళ్ళలోకి తొయ్యడానికి చేతులు వేస్తున్నారు. మా ఊళ్ళో ఆడది తెప్ప ఎక్కదు. తాకుతాం, తోస్తాం, కడుగుతాం, ఎక్కం. నేను చీర కుచ్చెళ్ళు ఎగదోపి, అంచు పట్టుకుని ఎక్కి, ముందు అర మూత మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. తెప్ప మీద వేసిన చేతులన్నీ వెనక్కి పోయాయి.

"ఓలమ్మీ, దిగు" అన్నాడు మావ.

"బెజ్జం మూసీ. దిగుతాను."

"ఆడది ఎక్కిన తెప్ప మీద ఏటకెల్లమని నీకు తెల్దా?"

"తెలుసు. అందుకే ఎక్కినాను."

మా బావ తల వంచుకుని తాడు ముడి విప్పుతున్నాడు, మళ్ళీ కడుతున్నాడు. మావ నా దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు. "సముద్రంలో తిరిగినదానికి నీరు రాకుండా ఉంటాదేటి? వత్తాది. వచ్చినదానికి దారి సూపాల గదా."

"ఆ దారినే నా మొగుడు పోతే?" అన్నాను. గట్టిగానే అన్నాను. అందరికీ వినపడింది.

మావ గిర్రున తిరిగి వెళ్ళిపోయాడు. చాలాసేపటికి పక్కింటాయన దగ్గరున్న ఫైబరు గుడ్డ ముక్కా, జిగురు డబ్బా పట్టుకుని వచ్చాడు. తెప్పను ఒక పక్కకు ఒరిగించారు, నేను పైన ఉండగానే. కింద ఇసుకలో వెల్లకిలా పడుకుని, బెజ్జం చుట్టూ గరుకుకాయితంతో రుద్ది, జిగురు రాసి, గుడ్డ మీద గుడ్డ అతికాడు. ఎండ చురచురలాడుతోంది. కాసేపటికి లేచి, తన తాటాకు గిడుగు నా ఒళ్ళోకి విసిరాడు.

"నెత్తిన ఎట్టుకో. ఎండ" అన్నాడు.

అతికింది గట్టిపడ్డాక నన్ను పిలిచి గోటితో కొట్టి చూపించాడు. నేను దిగాను. ఆయన చేతులకున్న జిగురు ఇసుకతో రుద్దుకుంటూ, "నానింక ఎక్కను" అన్నాడు. అంతే. తెప్ప మీద పసుపునీళ్ళు చల్లించాడు. ఆ నీళ్ళు మూతల సందుల్లోంచి లోపలికి కారితే మళ్ళీ తనే తుడిచాడు. ఆ రోజు నుంచి మావ సముద్రం మీదకు వెళ్ళలేదు.

నేను అడిగింది బెజ్జం మూయమని. ఆయన్ను దిగిపొమ్మన్నానా? ఎన్నిసార్లు బతిమాలాను! "మావా, నా మీద కోపమా?" అంటే "కోపమేటి" అనేవాడు. "మరెందుకు ఎల్లవు?" అంటే లేచి అవతలకు పోయేవాడు. కోపమని ఒప్పుకుంటే దెబ్బలాడవచ్చు. కాదంటే నవ్వుకోవచ్చు. ఏదీ కాకుండా ఇలా గోడలా నిలబడే మనిషితో ఏం చెయ్యాలి? ఆయన బదులు పక్కింటాయన తమ్ముడు తెప్ప ఎక్కాడు. ఊళ్ళో మాత్రం, మావను తెప్ప దించేసిన కోడలు అని నాకు పేరు వచ్చింది.

వేట మానేశాడే గాని తెప్పను వదల్లేదు. రోజూ తెప్ప వచ్చే వేళకు ఒడ్డున తయారు. చెవి ఆనించడం, కొట్టడం, "ఉన్నాది" అనడం. ఇప్పుడు బిరడా లేదు కాబట్టి గుడ్డల మూట మళ్ళీ పెద్దదైంది. తెల్లవారుజాము నుంచి సముద్రంలో పని చేసి వచ్చిన కొడుకు ఇంటికి పోయి నడుం వాల్చనివ్వకుండా, నీళ్ళు తోడించి, తుడిపించి, చెయ్యి పెట్టి చూసి అప్పుడు వదిలేవాడు. "నేదు నానా, నేను సూసినాను" అని బావ అంటే, "నువ్వు సూసినావు. నేను ఇన్నాను" అనేవాడు. ఏళ్ళ తరబడి ఇదే గొడవ. బావ ఆయన ఎదురుగా పళ్ళు కొరుక్కునేవాడు, ఇంటికొచ్చి నామీద అరిచేవాడు.

ఒక వానాకాలం మావకు పక్షవాతం వచ్చింది. టెక్కలి ఆసుపత్రిలో చూపించి తీసుకొచ్చాం. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట మాత్రం మిగిలింది, కొంచెం ముద్దగా. వాకిట్లో నులకమంచం మీద పడుకుని, బావ సముద్రం నుంచి రాగానే "ఉన్నాదేటి?" అని అడిగేవాడు. "నేదు నానా" అని బావ చేతులు కడుక్కునేవాడు. కొన్నాళ్ళు అలా జరిగింది.

ఒక మధ్యాహ్నం బావ లోపల నిద్రపోతున్నాడు. మావ నన్ను మంచం దగ్గరకు పిలిచాడు.

"ఆడు మూత తియ్యడం నేదు. నువ్వెల్లి సూసి రా."

"ఎక్కాలి కదా మావా? నేనెక్కితే..."

"ఎక్కు. నానే సెప్తన్నాను."

దండెం మీద ఉతికి ఆరేసిన గుడ్డలు తీసుకుని వెళ్ళాను. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్ళు నన్ను చూసి తలలు తిప్పుకున్నారు. ఎక్కి, ముందు అర మూత తీసి చెయ్యి పెట్టాను. మోచేతి దాకా నీళ్ళు! రోజూ లేదు లేదు అంటున్న మనిషి దీని మీదే కదా వెళ్ళి వస్తున్నది! బావను అప్పుడు నిద్రలోంచి లేపి చెంప పగలగొట్టాలనిపించింది. తోడాను, తుడిచాను, పిండాను, మళ్ళీ తుడిచాను. నడుం పడిపోయింది. ఇంటికి వచ్చి మంచం పక్కన కూలబడ్డాను.

"ఉన్నాదా?"

"ఉండేది మావా. చాలా ఉంది. అంతా తుడిచీసినాను."

"ఉప్పా, సప్పా?"

నాకు అర్థం కాలేదు. ఆయన కుడిచేత్తో మంచం పట్టె కొట్టాడు. "రుసి సూడనేదా? సప్పగుంటే వాన నీరు, మూతలోంచి దిగినాది. ఉప్పగుంటే సముద్రం లోనికొచ్చీసినాది. అది తెలకుండా తుడిచీసి వచ్చీసినావా!"

ఇంత చేసి వచ్చినా తిట్లే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లేచి తడిగుడ్డ ఒకటి తీసి, అరచేతిలోకి పిండి, ఆ నల్లటి నీళ్ళు నాలుక చివర పెట్టుకుని ఉమ్మేశాను.

"ఉప్పే మావా."

 మా మాటలకు లేచిన బావ గుమ్మంలో నిలబడ్డాడు.

"రేపు ఆణ్ణి ఎల్లనీకు" అన్నాడు మావ.

"అదేటి నానా, సేపలు బాగా పడతన్నాయి..." అని బావ అందుకున్నాడు. మావ అతనివైపు తిరగనైనా లేదు. నన్నే చూస్తున్నాడు.

"ఆడు నా మాటినడు. నువ్వు మల్లా ఎక్కి కూకో" అన్నాడు.

ఎక్కి కూర్చుందామనే అనుకున్నాను. పొద్దున్నే లేచి, కుచ్చెళ్ళు ఎగదోపుకుని, బావ అరిచినా, ఊరంతా చూసినా కదలకూడదని నిశ్చయించుకున్నాను. తెల్లవారేసరికి మావ పోయాడు. మనిషి పోయిన రోజు మా ఊళ్ళో ఎవరూ వేటకు వెళ్ళరు. తెప్పలన్నీ ఒడ్డునే ఉండిపోయాయి, మాది కూడా. ఒక్కసారి తన తరఫున కూర్చోమని అడిగాడు, ఆ కాస్త పనీ నన్ను చెయ్యనివ్వలేదు.